విప్పి వాడుకోవడానికి కొన్న తొమ్మిది హెలికాప్టర్లు: కెనడా కార్మొరాంట్ విడిభాగాల కేస్ స్టడీ

2011లో కెనడా రక్షణ శాఖ అమెరికా నుంచి తొమ్మిది వీహెచ్-71 హెలికాప్టర్లు కొంది. కొన్నది ఎగరేయడానికి కాదు, విప్పి విడిభాగాలుగా వాడుకోవడానికి. వాటితో పాటు వచ్చిన స్పేర్లన్నీ కలిపి ధర 16.4 కోట్ల డాలర్లు. అమెరికా అధ్యక్షుడి ప్రయాణాల కోసం మొదలుపెట్టి, 2009లో రద్దు చేసిన ప్రాజెక్టులో మిగిలిన హెలికాప్టర్లు అవి. కెనడా రెస్క్యూ స్క్వాడ్రన్లలో ఉన్న సీహెచ్-149 కార్మొరాంటూ, ఈ వీహెచ్-71 రెండూ అగస్టావెస్ట్‌ల్యాండ్ ఏడబ్ల్యూ101 కుటుంబానివే. అందుకే ఈ బేరం కుదిరింది.

అప్పట్లో దీన్ని చవక బేరమని మెచ్చుకున్నవాళ్లున్నారు, తుక్కు కొన్నారని విమర్శించినవాళ్లూ ఉన్నారు. మెయింటెనెన్స్ వైపు నుంచి చూస్తే రెండు మాటలూ తప్పే. కొనడం సరైన నిర్ణయమే. కానీ విప్పిన హెలికాప్టర్ కొన్ని రకాల కొరతలే తీరుస్తుంది, కొన్నింటిని ముట్టుకోలేదు. ఆ తేడా ఎక్కడుందో చెప్పడమే ఈ కేసు ఉద్దేశం.

కొరత ఎక్కడ మొదలైంది

1992లో కెనడా ఈ రకం హెలికాప్టర్లు 50 ఆర్డరు చేసింది: నౌకాదళ పనికి 35, రెస్క్యూకి 15. తర్వాత మొత్తాన్ని 43కి తగ్గించారు. 1993లో కొత్త ప్రభుత్వం ఆర్డరంతా రద్దు చేసింది. 1998లో రెస్క్యూ కోసం 15 మాత్రమే మళ్లీ ఆర్డరు చేశారు. నౌకాదళ పని చివరికి సికోర్‌స్కీ తయారుచేసే సైక్లోన్‌కి వెళ్లింది. విడిభాగాల కోణంలో అసలు నష్టం అక్కడే జరిగింది. 43 హెలికాప్టర్లు ఒకే స్టోర్స్ నుంచి భాగాలు తీసుకుంటే, ఒక గేర్‌బాక్స్ రిపేరుకి వెళ్లినా బరువు అందరి మీదా సర్దుకుంటుంది. 15 హెలికాప్టర్లే ఉంటే ఆ గేర్‌బాక్స్ లోటు నేరుగా ఒక బేస్ మీద పడుతుంది.

15 కార్మొరాంట్లను నాలుగు బేస్‌లకు పంచారు: కోమాక్స్, ట్రెంటన్, గ్రీన్‌వుడ్, గాండర్. ప్రతి బేస్‌లోనూ ఒకటి ఎప్పుడూ స్టాండ్‌బైలో ఉండాలి. పనివేళల్లో పిలుపు వచ్చిన 30 నిమిషాల్లో, మిగతా సమయంలో రెండు గంటల్లో గాల్లోకి లేవాలి. ఆ ఒక్కటి మొరాయిస్తే ఎక్కడానికి, శిక్షణకి వాడుకోడానికి రెండోది కావాలి. అలా ఎనిమిది అయిపోయాయి. డిపోలో పెద్ద తనిఖీకి ఎప్పుడూ రెండో మూడో ఉంటాయి. అనుకోకుండా వచ్చే రిపేర్లన్నింటికీ మిగిలేవి నాలుగో ఐదో. కాగితం మీద లెక్క సరిపోతుంది, ఒకే భాగం అన్నింటినీ ఒకేసారి పట్టుకోనంత వరకు.

ఆ పట్టుకున్న భాగం టెయిల్ రోటర్ హాఫ్ హబ్.

ఒక హబ్, ఒక పగులు

కార్మొరాంట్ తోక రోటర్‌కి నాలుగు బ్లేడ్లు. వాటిని పట్టి ఉంచే హబ్ రెండు సగాలుగా ఉంటుంది. తిరిగేటప్పుడు బ్లేడ్లు బయటికి లాగే స్థిరమైన బలం ఒకటి, ప్రతి చుట్టుకీ అటూ ఇటూ వంచే బలం ఇంకొకటి. పగులు పుట్టించేదీ పెంచేదీ ఈ రెండోదే. మూలల్లో, బోల్టు రంధ్రాల అంచుల్లో ఒత్తిడి పోగుపడే చోట అది మొదలవుతుంది. తోక రోటర్ పోతే పైలట్‌కి దిశ మీద పట్టు పోతుంది, మళ్లీ తెచ్చుకునే మార్గం దాదాపు ఉండదు. 2004 మార్చి 30న బ్రిటన్‌లోని కల్డ్రోజ్ నౌకాదళ వైమానిక కేంద్రంలో ఇదే కుటుంబానికి చెందిన ఒక మెర్లిన్ హెలికాప్టర్, టెయిల్ రోటర్ (తోక రోటర్) హబ్ విఫలమై కూలింది. కెనడా హెలికాప్టర్ల హాఫ్ హబ్‌లలోనూ పగుళ్లు బయటపడ్డాయి. తనిఖీలు దగ్గరదగ్గరగా చేయాల్సి వచ్చింది, శిక్షణ కోసం ఎగరడం మీద పరిమితులు వచ్చాయి.

తనిఖీ ఎన్ని గంటలకొకసారి చేయాలన్నది ఎవరి ఇష్టమూ కాదు. మన పరికరానికి కనిపించే అతి చిన్న పగులు నుంచి, భాగం విరిగిపోయేంత పగులు వరకు పెరగడానికి ఎన్ని ఎగిరే గంటలు పడుతుందో లెక్కగట్టి, దాన్ని కనీసం రెండు మూడు భాగాలు చేస్తారు. ఒకసారి తప్పిపోయినా ఇంకోసారి దొరకాలన్నది లెక్క. పగులు త్వరగా పెరిగే భాగమైతే అంతరం కొద్ది గంటలకే కుదించుకుపోతుంది. అప్పుడు భాగం బాగున్నా హెలికాప్టర్ హ్యాంగర్‌లోనే ఉంటుంది.

ఆ తనిఖీ దగ్గర్నుంచి చూస్తే ఎందుకంత సమయం పడుతుందో తెలుస్తుంది. ముందు గ్రీజు, ఉప్పు, మసి పూర్తిగా పోవాలి. పెయింటు తీయాల్సి వస్తే రసాయనంతోనే తీయాలి. గీకడం, ఇసుకతో కొట్టడం పనికిరాదు, ఎందుకంటే పైపొర లోహం పాకి పగులు నోరు మూసుకుపోతుంది, ఆ తర్వాత రంగు ద్రవం లోపలికి దిగదు. డై పెనెట్రెంట్ (పగుల్లోకి దిగే ఆ రంగు ద్రవం) పూసి పది నుంచి ముప్ఫై నిమిషాలు ఆగాలి. తుడిచేటప్పుడు ద్రావకం నేరుగా భాగం మీద చల్లితే పగుల్లో ఉన్న రంగు కూడా కడుక్కుపోతుంది, గుడ్డ మీద వేసుకుని తుడవాలి. తర్వాత డెవలపర్ (పగుల్లో మిగిలిన రంగును పైకి లాగి చూపించే పూత) వేసి ఎదురుచూడాలి. ఎడ్డీ కరెంట్ (లోహంలో విద్యుత్తు పుట్టించి పగులు పట్టే పద్ధతి) అయితే వేగం, కానీ ప్రోబ్‌ని అదే లోహంతో చేసిన, తెలిసిన గాడి ఉన్న నమూనా మీద ముందు సరిచూసుకోవాలి, పని అయ్యాక మళ్లీ సరిచూడాలి. రెండోసారి తేడా వస్తే మధ్యలో చూసినవన్నీ మళ్లీ చూడాలి. మూల వంపుల్లో ప్రోబ్ కొంచెం పక్కకు వాలినా సూది కదులుతుంది, దాన్ని పగులని పొరబడటం మామూలే. అనుమానం ఉన్న హబ్‌ను పక్కన పెట్టక తప్పదు. పక్కన పెట్టాలంటే ఇంకో హబ్ స్టోర్స్‌లో ఉండాలి.

ఉండేది కాదు. 2005లో ట్రెంటన్ నుంచి కార్మొరాంట్లను తీసేసి మిగతా మూడు బేస్‌లకు సర్దారు. ట్రెంటన్‌లో బెల్ 412 హెలికాప్టర్ ఆధారంగా చేసిన గ్రిఫాన్‌లు పెట్టారు. గ్రిఫాన్ మంచి హెలికాప్టరే, కానీ చిన్నది, ఒక్క దమ్మున వెళ్లగల దూరం చాలా తక్కువ. కెనడా రెస్క్యూ బాధ్యత సుమారు 1.8 కోట్ల చదరపు కిలోమీటర్లు. అంత విస్తీర్ణంలో దూరం అంటే ప్రాణమే. విడిభాగాల కొరత బేస్‌ల పటాన్నే మార్చేసింది, ఈ కేసులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది అదే.

ఇంకొకటి కూడా జరుగుతుంది. హెలికాప్టర్లు తక్కువైతే మొదట తగ్గేది శిక్షణ, ఎందుకంటే స్టాండ్‌బైని తగ్గించడానికి వీల్లేదు. 2006 జూలై 13 రాత్రి నోవా స్కోషియాలోని కాన్సో దగ్గర, చేపల పడవ మీద శిక్షణ చేస్తూ ఒక కార్మొరాంట్ సముద్రంలో పడింది. ఏడుగురిలో ముగ్గురు చనిపోయారు. అది భాగం విరిగి జరిగిన ప్రమాదం కాదు. కానీ రాత్రి నీటి మీద నిలపడం అనే నేర్పు గంటలు గంటలు ఎగిరితేనే నిలబడుతుంది. స్టోర్స్‌లో లేని భాగం ఖరీదును చివరికి కాక్‌పిట్ చెల్లిస్తుంది. ఆ ప్రమాదం తర్వాత ఫ్లీట్ 14కి తగ్గింది.

పక్క హెలికాప్టర్ నుంచి తీసి బిగించడం

స్టోర్స్‌లో లేకపోతే పక్కనున్న హెలికాప్టర్ నుంచి తీసి బిగిస్తారు. దీన్ని రాబరీ అంటారు, కానిబలైజేషన్ అన్నా ఇదే. ఒక రాత్రి గట్టెక్కించడానికి తప్పు లేదు. అలవాటైతే ఖర్చు ఇలా పెరుగుతుంది: మంచి భాగాన్ని దాత (భాగం ఇచ్చే హెలికాప్టర్) నుంచి ఊడదీయడం ఒక పని, పాడైన దాన్ని అవతల ఊడదీసి మంచిది బిగించడం రెండు, కొత్తది వచ్చాక దాతకు బిగించడం మూడు. స్టోర్స్ నుంచి వచ్చి ఉంటే రెండో పని ఒక్కటే. పైగా ప్రతిసారీ కనెక్టర్ల పిన్నులు వంగుతాయి, పైపులను కలిపే జాయింట్ల మరలు అరుగుతాయి, వైర్ల గొట్టాలు బిగుసుకుని చిరుగుతాయి. మామూలుగా ఎవరూ ముట్టుకోని చోట కొత్త లోపాలు పుడతాయి.

రాబరీ చేయక తప్పనప్పుడు రెండు లాగ్‌లలోనూ, తీసిన దాని సీరియల్ నంబరుతో సహా, అదే షిఫ్టులో రాయాలి. రేపు రాద్దామంటే రెండు హెలికాప్టర్ల చరిత్రా పోతుంది. తెరిచిన ప్రతి పైపుకీ మూత పెట్టాలి, గుడ్డ కుక్కకూడదు. స్ప్లిట్ పిన్, లాక్ వైర్, సీల్, ఓ-రింగ్, ఒకసారే వాడే నట్టు ఎప్పుడూ కొత్తవే. ఊడదీసిన బోల్టులు సంచిలో వేసి, ఏ చోటివో రాసి, దాతకే కట్టి ఉంచాలి. కంట్రోల్ రాడ్లయినా, రోటర్ హబ్ అయినా బిగించిన మనిషి కాక ఇంకో అర్హుడు విడిగా చూసి సంతకం చేయాలి. టెయిల్ రోటర్ ముట్టుకుంటే బ్యాలెన్సూ వైబ్రేషనూ చూడకుండా వదలకూడదు.

ఈ ఇబ్బంది కెనడాకి మాత్రమే వచ్చింది కాదు. పోర్చుగల్ ఇదే రకం 12 కొని, విడిభాగాలు అందక, సెలవిచ్చేసిన ప్యూమా హెలికాప్టర్లను మళ్లీ బయటికి తీసింది. తక్కువ సంఖ్యలో అమ్ముడైన హెలికాప్టర్‌కి తయారీదారు దగ్గర కూడా నిల్వలు పలచగానే ఉంటాయి.

అల్మరాలో ఎన్ని ఉండాలి

ఇక్కడ ఒక లెక్క చూపించాలి, ఎందుకంటే చాలామంది ఇది చేయకుండానే కొనుగోలు పట్టిక రాస్తారు. ఊహకి ఒక భాగం తీసుకుందాం: సగటున 500 ఎగిరే గంటలకొకసారి ఊడదీయాల్సి వస్తుంది, హెలికాప్టర్‌కి ఒకటే ఉంటుంది. 14 హెలికాప్టర్లు ఏడాదికి తలా 400 గంటలు ఎగిరితే 5,600 గంటలు, అంటే ఏడాదికి దాదాపు 11 ఊడదీతలు. రిపేరుకి వెళ్లి రావడానికి ఆరు నెలలు పడితే ఎప్పుడు చూసినా సగటున 5.6 భాగాలు దారిలో ఉంటాయి. సగటు 5.6 కదా అని ఆరు స్పేర్లు కొంటే, అవసరం పడిన రోజు అల్మరాలో ఒకటైనా ఉండే అవకాశం సగం మాత్రమే, 51 శాతం. దాన్ని 94 శాతానికి తేవాలంటే పది కొనాలి. లేదా ఆ ఆరే ఉంచుకుని, రిపేరు సమయాన్ని మూడు నెలలకు దించితే 93 శాతం వస్తుంది.

నాలుగు ఖరీదైన భాగాలు కొనడమూ, రిపేరు సమయాన్ని సగానికి తగ్గించడమూ ఇంచుమించు ఒకే ఫలితం ఇస్తాయి. విప్పడానికి హెలికాప్టర్లు కొనాలా వద్దా అని చర్చించే ముందు ప్రతి భాగానికీ ఈ రెండు దారులూ పోల్చి చూడాలి.

వీహెచ్-71 ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేదు

తొమ్మిది హెలికాప్టర్లంటే, తలా ఒక్కటి ఉండే భాగానికి గరిష్ఠంగా తొమ్మిది స్పేర్లు. హాఫ్ హబ్‌లయితే 18. గరిష్ఠం అన్నమాట గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే మధ్యలో జల్లెడలు చాలా ఉన్నాయి.

మొదటిది పార్ట్ నంబరు. బయటికి ఒకేలా కనిపించినా మోడిఫికేషన్ స్థాయి (ఎంతవరకు మార్పులు చేశారన్నది) వేరైతే బిగించడానికి వీల్లేదు. ఇంజన్లే మంచి ఉదాహరణ. కార్మొరాంట్‌కి మూడు టీ700-టీ6ఏ1 ఇంజన్లు. వీహెచ్-71కి శక్తి ఎక్కువున్న సీటీ7-8ఈ. తొమ్మిది హెలికాప్టర్లకు 27 ఇంజన్లు అని కాగితం మీద రాసుకోవచ్చు, ఆనాటి కార్మొరాంట్‌కి వాటిలో ఒక్కటీ నేరుగా ఎక్కదు. అధ్యక్షుడి కోసం పెట్టిన రేడియోలు, క్యాబిన్ సామగ్రి సంగతి చెప్పనక్కర్లేదు.

రెండోది మిగిలిన ఆయుష్షు. రోటర్, కంట్రోల్, ల్యాండింగ్ గేర్ భాగాల్లో చాలావాటికి గంటలకో, ల్యాండింగ్‌లకో లెక్కగట్టిన హద్దు ఉంటుంది. వీహెచ్-71లు తక్కువే ఎగిరాయి, అది వాటి పెద్ద విలువ. కానీ ఎగిరిన గంట ఎలాంటి గంట అన్నది కూడా చూడాలి. ఎక్కువ బరువుతో, పరీక్షల కోసం హద్దుల దగ్గర ఎగిరిన గంటని మామూలు గంటగా లెక్కేయరు, గుణకం వేసి ఆయుష్షు కోస్తారు. లాగ్ కార్డు (ఆ భాగం వాడిన చరిత్ర రాసిన కాగితం) లేకపోతే గుణకం కూడా అక్కర్లేదు, ఆ భాగం ఎంత మెరుస్తున్నా ఎగరడానికి పనికిరాదు. అందుకే కొనుగోలు ఒప్పందంలో హెలికాప్టర్ల కంటే ముందు కాగితాలు అడగాలి. ఏ సీరియల్ నంబరు ఏ చోట ఉంది, ఎప్పుడు బిగించారు, ఎంత తిరిగింది అన్న వివరాలు తొమ్మిదింటికీ పూర్తిగా చేతికొచ్చాకే స్పానర్ పట్టాలి.

మూడోది కాలం. ఎగరకుండా నిలబడి ఉన్న హెలికాప్టర్ అరగదు గానీ పాడవుతుంది. గేర్‌బాక్స్‌లో నూనె కిందికి జారి పై బేరింగులు పొడిగా మిగిలిపోతాయి, వాటి మీద తుప్పు చుక్కలు పడతాయి. ప్రిజర్వేషన్ నూనె నింపి, తేమ పీల్చే సంచులు పెట్టి, తేమ సూచిక కార్డు నీలం నుంచి గులాబీకి మారిందేమో చూస్తూ ఉండాలి. మారితే సంచులు మార్చడంతో సరిపోదు, లోపల తేమ ఎన్నాళ్లు ఉందో తెలియదు కాబట్టి విప్పి చూడాలి. రబ్బరు సంగతి తేలికైన నిర్ణయం: దాతలో బిగించి ఉన్న సీళ్లన్నీ పారేయాలి. ప్యాకెట్లో ఉన్న వాటికి మాత్రమే తారీఖు చూసే అర్థం ఉంది. నైట్రైల్ సీళ్లకు సాధారణంగా తయారైన నాటి నుంచి 15 ఏళ్లు, ఫ్లోరోకార్బన్, సిలికోన్‌లకు నిల్వ కాలం హద్దు లేదు. ఇది కూడా వెలుతురు, వేడి తగలకుండా మూసి ఉంచితేనే. గొట్టాలు, ఎలాస్టోమెరిక్ (రబ్బరు పొరలున్న) బేరింగులు, అగ్నిమాపక సీసాల కార్ట్రిడ్జులు, హోయిస్ట్ (మనుషుల్ని పైకి లాగే యంత్రం) తాడును కోసే చిన్న పేలుడు గుళికలైన స్క్విబ్‌లు కూడా దాత నుంచి ఆశించకూడనివే.

వీటన్నిటినీ దాటి మిగిలేవి ఏమిటి? ఫ్రేము ముక్కలు, తలుపులు, కౌలింగులు (ఇంజన్ మూతలు), బ్రాకెట్లు, గేర్‌బాక్స్ కేసింగులు, షాఫ్టులు, యాక్చుయేటర్ బాడీలు, ల్యాండింగ్ గేర్ కాళ్లు. అంటే పోతపోసి, యంత్రం మీద మలిచి, ఆర్డరిచ్చాక ఏడాదీ రెండేళ్లూ ఎదురుచూడాల్సిన భాగాలు. తయారీదారు మళ్లీ అచ్చు బయటికి తీస్తేగానీ రానివి. దాత హెలికాప్టర్ అసలు విలువ అక్కడుంది. రోజూ అరిగే సీలు, ఫిల్టరు, బేరింగు కొరతను ఇది తీర్చలేదు, వాటికి మామూలు కొనుగోలు ఆర్డరే దారి.

మరి మొదట చెప్పిన హబ్? పగిలే అలవాటున్న డిజైన్‌వే ఇంకో పద్దెనిమిది తెచ్చుకుంటే తనిఖీకి భాగాలు పెరుగుతాయి, పక్కన పెట్టిన హబ్ బదులు బిగించడానికి ఒకటి దొరుకుతుంది, హెలికాప్టర్ ఆగే రోజులు తగ్గుతాయి. కానీ పగులు ఆగదు, తనిఖీ అంతరం ఒక్క గంట కూడా పెరగదు. డిజైన్ లోపాన్ని సంఖ్యతో ఓడించలేం, కొంత సమయం మాత్రం కొనుక్కోగలం. ఆ సమయంలో మార్చిన భాగం రాకపోతే కొన్న సమయం వృథా.

విప్పే క్రమం

తొమ్మిదింటినీ ఒకేసారి విప్పి అల్మరాల్లో సర్దాలన్న తొందర ఎప్పుడూ వస్తుంది. వద్దనే నా సలహా. బిగించి ఉన్న భాగానికి దాని చోటే మంచి పెట్టె. విప్పాక ప్రతిదానికీ ప్యాకింగు, నిల్వ, తారీఖుల తనిఖీ అన్నీ కొత్త పనులే. రెండింటిని మొదట పూర్తిగా విప్పి, పార్ట్ నంబర్ల పట్టికను కళ్లతో చూసిన సీరియల్ నంబర్లతో సరిపోల్చుకోవాలి. తేడాలు అక్కడే బయటపడతాయి. మిగతావి ప్రిజర్వేషన్‌లో ఉంచి, అడిగిన కొద్దీ తీయాలి. కనీసం ఒకదాన్ని చివరిదాకా ముట్టుకోకుండా ఉంచితే, వైరింగ్ దారి ఎలా వెళ్లింది, బ్రాకెట్ ఏ వైపు తిరిగింది అన్న సందేహం వచ్చినప్పుడు చూసుకోవడానికి పనికొస్తుంది.

తీసిన ప్రతి భాగం ముందు క్వారంటైన్ అల్మరాలోకే వెళ్లాలి. కాగితం సరిచూడటం, శుభ్రం చేయడం, కొలతలు, పగుళ్ల తనిఖీ, బెంచ్ టెస్టు అన్నీ అయ్యాకే సర్వీసబుల్ ట్యాగ్ (వాడొచ్చని చెప్పే చీటీ). హ్యాంగర్‌లో హెలికాప్టర్ ఆగిపోయి ఉన్న రాత్రి, క్వారంటైన్ అల్మరాలో అచ్చం అదే భాగం కనిపిస్తుంటుంది. తాళం చెవి లైన్ మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర కాకుండా క్వాలిటీ వాళ్ల దగ్గర ఉండాలనడం ఈ ఒక్క కారణానికే.

2022 తర్వాత

2022 మార్చిలో గాండర్‌లో జరిగిన ప్రమాదంలో ఇంకో కార్మొరాంట్ దెబ్బతింది. అదే ఏడాది డిసెంబరులో ఫ్లీట్ ఆధునికీకరణకు 117 కోట్ల కెనడా డాలర్ల ఒప్పందం ప్రకటించారు: ఉన్న 13ను మార్చి, మరో మూడు చేర్చి 16 చేయడం. కొత్త కాక్‌పిట్‌తో పాటు వీటికి వచ్చే ఇంజన్ సీటీ7-8ఈ, వీహెచ్-71లో ఉన్నదే.

మార్పు జరిగే ఏళ్లలో స్టోర్స్ మీద పడేది రెండింతల బరువు. పాత స్థాయి హెలికాప్టర్లు కొన్ని, కొత్తవి కొన్ని ఒకేసారి ఎగురుతాయి, ఎప్పుడూ ఒకటో రెండో మార్పు కోసం ఫ్యాక్టరీలో ఉంటాయి. పాత ఇంజన్‌కి, పాత కాక్‌పిట్‌కి కొత్త స్పేర్లు కొనడం అర్థం లేనిది, కొనకపోతే చివరి పాత హెలికాప్టర్ మార్పుకి వెళ్లేలోపే కొరత వస్తుంది. మార్చిన ప్రతి హెలికాప్టర్ నుంచి ఊడిన పాత భాగాలను తుక్కులో పడేయకుండా, మిగిలిన పాతవాటికి దాతలుగా వాడుకోవాలి. మొదటిదాని నుంచి ఊడే మూడు టీ700లే మిగతా పాత హెలికాప్టర్లకి స్పేర్ ఇంజన్లు. వీహెచ్-71 నుంచి తీసి అల్మరాల్లో ఉన్న ప్రతిదానికీ ట్యాగ్ మీద పాత స్థాయికా, కొత్తదానికా, రెండింటికీనా అన్న గడి ఒకటి చేర్చాలి. అది మార్పు మొదలయ్యాక కాదు, మొదటి హెలికాప్టర్ ఫ్యాక్టరీకి బయల్దేరక ముందే.